మూడవ అంశం

ఆదివారం ఉదయం పది గంటలకు మా ఇంటి భోజనాల బల్ల వద్ద జరిగిన సమావేశానికి హాజరైనవారు, కూర్చున్న వరుసలో: బల్ల కొసన నా శ్రీమతి, ఆమెకు కుడివైపున మా కోడలు, కోడలి పక్కన ఒక బస్సు డ్రైవరు, అతని పక్కన మందుల దుకాణం ఆవిడ, నీళ్ల కూజాకు ఆనించి నిలబెట్టిన ఫోనులో, ఓడ మీద ఇంజనీరుగా ఉన్న మా అబ్బాయి, చిట్టచివర, వంటింట్లోంచి తెచ్చిన ముక్కాలి పీట మీద, నేను.

పీట సంగతి ప్రత్యేకంగా నమోదు చేయడానికి కారణం ఉంది. నా కుర్చీలో బస్సు డ్రైవరు కూర్చున్నాడు.

నేను నీటి సరఫరా బోర్డులో ఫిర్యాదుల విభాగాధిపతిగా ముప్ఫై నాలుగు సంవత్సరాలు పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. సమావేశమంటే అధ్యక్షుడు ఉండాలి, చర్చనీయాంశాల పట్టిక ముందుగా అందాలి. ఇక్కడ అధ్యక్షులెవరో ఎవరూ ప్రకటించలేదు. ప్రకటించకుండానే మా ఆవిడ గొంతు సవరించుకుంది.

"విషయం ఒకటే. ఎనిమిది వారాలు మీ చదువు గది పిల్లలకు కావాలి."

"పిల్లలు" అన్న మాటకు నేను అభ్యంతరం తెలిపాను. డ్రైవరుకు నలభై దాటాయి. మందుల దుకాణం ఆవిడ నాకే రక్తపోటు మాత్రలు ఇస్తుంది. మా కోడలు పళ్ల సెట్లు తయారుచేసే నిపుణురాలు. ప్రస్తుతం నేను ధరించి మాట్లాడుతున్న పైవరస ఆమె చేసినదే. ఇటువంటివారిని పిల్లలనడం భాషకు అన్యాయం.

"దేనికి?" అన్నాను.

"ఆల్బమ్‌కి మామయ్యగారూ," అంది కోడలు. "ఎనిమిది వారాలకి వచ్చే శుక్రవారం రికార్డుల కొట్టావిడ మా పేరు తన కొట్టులో కొత్త రికార్డుల బోర్డు మీద రాస్తానన్నారు. పది పాటలుండాలి. లేకపోతే ఆ శుక్రవారం ఇంకొకళ్లకి ఇచ్చేస్తారు. మూడేళ్ల నుంచి ఆవిడ చుట్టూ తిరుగుతున్నాం."

"ఇప్పుడు ఎన్ని ఉన్నాయి?"

"బాణీలు పది ఉన్నాయి. మాటలే లేవు."

"మాటలు లేకపోతే పాటలు ఎలా అవుతాయి?"

"అదేనండీ ఆవిడ కూడా అన్నది," అన్నాడు డ్రైవరు, నా కుర్చీలో వెనక్కి వాలుతూ. "వాయించడం బాగుంది, కోపమే లేదు అంది. పంక్ అంటే కోపం ఉండాలి గదా సార్. మాకేమో రావట్లేదు. ముగ్గురికీ ఉద్యోగాలున్నాయి. వేళకి తింటున్నాం."

ఓటింగు జరిగింది. ఫోనులో మా అబ్బాయి ముఖం సగంలో ఆగిపోయి, నోరు తెరుచుకుని ఉంది. దానిని కూడా సమ్మతిగా లెక్కించారు. అయిదు ఓట్లు ఒకవైపు, ఒకటి ముక్కాలి పీట వైపు.

ఆ గది ఎటువంటిదో చెప్పకపోతే నా నష్టం మీకు అర్థం కాదు. రెండు గోడల నిండా పుస్తకాలు, కిటికీ దగ్గర బల్ల, బల్ల మీద నా ఉద్యోగ జీవిత చరిత్ర. పదకొండేళ్లుగా రాస్తున్నాను. నాలుగు వందల పన్నెండు పుటలు పూర్తయ్యాయి. నగరంలోని ప్రతి కుళాయి గురించి ప్రజలు చెప్పిన ప్రతి బాధా, వాటికి నేను పంపిన ప్రతి జవాబూ అందులో ఉన్నాయి. ఆ గ్రంథాన్ని ఇంతవరకు పూర్తిగా చదివిన వ్యక్తి ఒక్కరే. ఆయన దానిని రాసినవారు కూడా.

సోమవారం నాటికి నేను, నా గ్రంథం, మేడ మెట్ల మలుపులో చెప్పుల అలమార పక్కకు బదిలీ అయ్యాం.

బృందం పేరు చిల్లు గొడుగు. కోడలు డ్రమ్ములు, పాట, డ్రైవరు గిటారు, మందులావిడ నాలుగు తంతుల బేస్ గిటారు. డ్రైవరు జుట్టు చూసి మా ఆవిడ అతనికి పిచ్చుకగూడు అని పేరు పెట్టింది. అతను దానిని బిరుదుగా స్వీకరించాడు.

ఈ సంగీతం గురించి నాకు తెలిసినంత మేరకు వివరిస్తాను. పంక్ అనే రకంలో పాట నిడివి ఒక నిమిషం నలభై సెకన్లు. మొదలైందని మనం గ్రహించేలోపు అయిపోతుంది. అయిపోయిందని సంతోషించేలోపు మరొకటి మొదలవుతుంది. ఇండీ అనే రకం ఇంకొంచెం నెమ్మది. అందులో బాధపడటానికి వ్యవధి ఇస్తారు. ఇండీ అంటే ఏమిటని అడిగితే, ఏ పెద్ద కంపెనీ మీదా ఆధారపడకుండా స్వతంత్రంగా రికార్డు తెచ్చుకోవడం అని కోడలు చెప్పింది. ఆ స్వతంత్రం నా గదిలో, నా కరెంటుతో, నా బల్ల మీద కాళ్లు పెట్టుకుని సాగింది.

అంతకన్నా విస్మయకరమైన విషయం నా శ్రీమతి. ప్రతి శుక్రవారం సాయంకాలం రేడియోలో ఆ వారం వెలువడిన పంక్, ఇండీ ఆల్బమ్‌లన్నీ వినిపిస్తారు. అత్తాకోడళ్లు వంటింట్లో కూరలు తరుగుతూ ఒక్కటి వదలకుండా వింటారు. నా నాలుగు వందల పన్నెండు పుటలలో ఒక్కటి వినడానికి తీరికలేని మనిషి, తడి అగ్గిపుల్లలు అనే బృందం మూడో ఆల్బమ్ మీద తీర్పు చెబుతుంది.

"ఈసారి వీళ్లలో పస తగ్గిందే అమ్మాయ్. ఆ పాడేవాడికి పెళ్లయినట్టుంది."

"అయింది అత్తయ్యా, పోయిన నెలలోనే."

"చెప్పానా. గొంతులోనే తెలిసిపోతుంది. సర్దుకుపోతున్నాడు."

మొదటి వారం నేను ఓర్చుకున్నాను. రెండవ వారం చెవుల్లో దూది పెట్టుకున్నాను. దూదికి ధ్వని ఆగింది గాని, మెట్లు అదరడం ఆగలేదు. ఒకనాడు సాయంకాలం నాలుగూ పదికి, నా గ్రంథంలోని రెండువందల ఆరవ పుట దానంతట అదే చెప్పుల అలమార మీది నుంచి జారి, మా ఆవిడ పాత చెప్పులో పడింది. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది.

మిత్రులారా, ముప్ఫై నాలుగేళ్లు ఇతరుల ఫిర్యాదులకు జవాబులు రాసినవాణ్ణి. ఆదర్శప్రాయమైన ఫిర్యాదు ఎలా ఉండాలో నాకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. అయినా జీవితంలో ఒక్క ఫిర్యాదు కూడా స్వయంగా రాసి ఎరుగను. ఇంటి యజమాని స్వయంగా అంటే గొడవ; పొరుగువారు అంటే మర్యాద. కాబట్టి పొరుగువారిచేత అనిపించదలచుకున్నాను. పొరుగువారు ఎవరూ ముందుకు రాకపోవడం వల్ల, ఆ బాధ్యత కూడా నేనే వహించాను.

అయిదు చిత్తుప్రతులు రాసి, చింపి, బుట్టలో వేశాను. ఆరవది ఎడమ చేత్తో శుభ్రంగా రాసి, మా గేటుకున్న ఉత్తరాల పెట్టెలో వేసి, ఎవరూ చూడకుండా వచ్చి పీట మీద కూర్చున్నాను.

మర్నాడు ఫలహారాల వేళ మా ఆవిడ దానిని తెచ్చి అందరికీ చదివి వినిపించింది.

"'సవినయముగా మనవి చేయునది. ఒకటి: ప్రతిదినము సాయంకాలము నాలుగు గంటలకు మీ ఇంటినుండి వెలువడుచున్న ధ్వని, ఇనుప మంచమును మెట్ల మీదుగా ఈడ్చుచున్న ధ్వనిని పోలియున్నది. రెండు: ఎవరి మంచమైనను ఏదో ఒక సమయమున క్రిందికి చేరును. మీ మంచము చేరుటలేదు. మూడు: తక్షణమే తగు చర్య గైకొనవలెను. ఇట్లు, శాంతికాముకుడైన ఒక పౌరుడు.'"

పిచ్చుకగూడు నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. దెబ్బ సూటిగా తగిలిందని నేను లోలోపల సంతోషించాను.

"ఇంకోసారి చదవండి అత్తయ్యా," అంది కోడలు, మెల్లగా.

మళ్లీ చదివింది. ఈసారి పిచ్చుకగూడు వేళ్లతో బల్ల మీద ఏదో తడుతున్నాడు. భయంతో వేళ్లు వణుకుతున్నాయనుకున్నాను.

"పాపం, ఎవరో చాలా బాధలో ఉన్నారు," అన్నాను, టీ కప్పులోకి చూస్తూ.

"ఎవరో బాగా చదువుకున్నవాడే," అంది మా ఆవిడ.

"విద్యావంతుడనే నాకూ అనిపించింది."

"పనీపాటా లేనివాడని కూడా అనిపిస్తోంది."

"అలా ఎందుకనుకోవాలి? శాంతిని కోరుకోవడం నేరం కాదు."

"కాదులెండి. ఆయన పెళ్లాం ఎవరో గాని, ఆవిడకి శాంతి ఉండి ఉండదు."

సాయంకాలానికి ధ్వని ఆగిపోతుందని ఎదురుచూశాను. ఆగలేదు. పైగా మా గేటుకు కోడలు ఒక అట్టముక్క వేలాడదీసింది: "శాంతికాముకులైన పౌరులకు, మీ ఉత్తరం అందింది. కృతజ్ఞతలు. దయచేసి ఇంకా రాయండి."

ఫిర్యాదు అందినట్టు ఏడు రోజులలోగా తెలియజేయాలన్న నియమాన్ని మా బోర్డులో ప్రవేశపెట్టినది నేనే. ఇరవై నాలుగు గంటలలో తెలియజేసిన కార్యాలయాన్ని నా జీవితంలో చూడలేదు. ఆ ఒక్క కారణంచేత నాకు మరింత కోపం వచ్చింది.

రెండవ ఉత్తరం రాశాను. "మా కిటికీ అద్దములు మీ తాళమునకు తోడుగా వాయించుచున్నవి. వాటిని మేము ఆ ఉద్యోగమునకు నియమించలేదు." మా ఆవిడ చదివింది. కోడలు కళ్లు మూసుకుని విన్నది. మర్నాడు ధ్వనిపెట్టెలలో పెద్దదానిని, గది లోపల చోటు చాలలేదని, తలుపు బయట, మెట్ల వైపు తిప్పి పెట్టారు. అనగా నా మోకాళ్లకు ఎదురుగా.

మూడవ ఉత్తరం రాశాను. మర్నాడు భోజనాల బల్ల దగ్గరి నా కుర్చీ మాయమై, గదిలో మందులావిడ కింద ప్రత్యక్షమైంది. అడిగితే, "బేస్ వాయించేటప్పుడు నడుము నిటారుగా ఉండాలి. భోజనం తర్వాత రెండు గంటలు," అంది. ఆవిడ ఏం చెప్పినా మందుచీటీ చదువుతున్నట్టే ఉంటుంది.

నాలుగవ ఉత్తరంలో, "నడుమునొప్పిగల ఒక పెద్దమనిషికి చెందిన చేతుల కుర్చీ" ప్రస్తావన చేశాను. మా కుర్చీ సంగతి వీధిలో పౌరుడికి ఎలా తెలుస్తుందన్న ప్రశ్న ఆనాడు నాకు తోచలేదు. ఎవరూ అడగనూ లేదు. అంతటి బండబారిన మనుషులని జాలిపడ్డాను.

అయిదవ వారం నాకు జలుబు చేసి, ఉత్తరం రాయలేకపోయాను. బుధవారానికి ఇంట్లో కళ తప్పింది. మా ఆవిడ రోజుకు నాలుగుసార్లు గేటు దాకా వెళ్లి వచ్చింది.

"ఏవండీ, ఈ వారం ఆ పొరుగాయన ఉత్తరం రాలేదేమిటో."

"ఆయనకు ఒంట్లో బాగులేదేమో," అన్నాను, ముక్కు తుడుచుకుంటూ.

"అయ్యుండొచ్చు. మిరియాల కషాయం పెట్టివ్వనా?"

"ఎవరికి?"

"మీకే. ఆయన ఇల్లు నాకేం తెలుసు?"

కషాయం తాగాను. మధ్యాహ్నానికి కాస్త తెరిపిన పడ్డాను. సరిగ్గా నాలుగు గంటలకు, నా కళ్లజోడు పెట్టెలో నాలుగు శనగలు పోసి, దానిని గిలక్కాయలా ఆడిస్తూ కోడలు మెట్లు దిగి వెళ్లింది. ఆ సాయంకాలమే అయిదవది, ఆరవది రాశాను. చిత్తుప్రతులు బుట్టలో పట్టక కింద పడ్డాయి.

అలా తొమ్మిది ఉత్తరాలు నడిచాయి. ప్రతిదానికీ గేటు మీద కొత్త అట్టముక్క. ప్రతి అట్టముక్క తర్వాత నా మీద కొత్త దాడి. ఫిర్యాదు చేసిన కొద్దీ బాధ పెరగడం నాకు అనుభవంలో లేని విషయం కాదు. మా బోర్డు కూడా అలాగే నడిచేది. కాని ఫిర్యాదుదారు వైపున ఉండటం అదే మొదటిసారి.

ఏడవ వారం, తుది హెచ్చరికగా పదవ ఉత్తరం రాశాను. అందులో మూడు అంశాలున్నాయి. మొదటి రెండు ఎప్పటిలాంటివే. మూడవ అంశం ఎలా వచ్చిందో నాకే తెలియదు. చిత్తుప్రతి లేకుండా, ఒక్క కొట్టివేత లేకుండా, ఎడమ చేయి దానంతట అదే రాసేసింది.

ఉదయం మా ఆవిడ చదువుతోంది. "'ఒకటి: మీ పాటకు ముగింపు కలదా, లేదా. రెండు: కలదన్నచో అది ఏ తారీకున.'" అక్కడ ఆగింది. కళ్లజోడు తీసి చీరచెంగుతో తుడిచింది. మళ్లీ పెట్టుకుంది. "'ఇట్లు, శాంతికాముకుడైన ఒక పౌరుడు.'" కాగితం మడిచేసింది.

మూడవ అంశం చదవలేదు.

నేను నోరు తెరిచాను. వెంటనే మూసుకున్నాను. ఎవరో రాసిన ఉత్తరంలో మూడవ అంశం ఉందని నాకెలా తెలుస్తుంది? కళ్లజోడు తుడవడంలో వరుస తప్పిందని సరిపెట్టుకున్నాను. కాని మనసు సరిపెట్టుకోలేదు. ముప్ఫై నాలుగేళ్లలో ఎవరి ఫిర్యాదులోనూ ఒక్క అంశమైనా వదిలేసి జవాబు రాయలేదు నేను.

ఎనిమిది వారాలూ నిండి, ఆ శుక్రవారం వచ్చింది. రికార్డుల కొట్టుకు నన్ను కూడా రమ్మన్నారు. నాకు తలనొప్పిగా ఉందన్నాను. మందులావిడ చేతిలో మాత్ర పెట్టింది. మోకాళ్ల నొప్పి అన్నాను. పిచ్చుకగూడు తన బస్సు తెచ్చి గేటు ముందు ఆపాడు.

కొట్టులోకి అడుగుపెట్టే ముందు మా ఆవిడ నన్ను గుమ్మంలో ఆపి, నా రెండు చెవుల్లోంచి దూది తీసి, తన చేతిసంచిలో వేసుకుంది.

"ఇవాళ ఇది వద్దు."

"నా ఆరోగ్యం..."

"ఒక్క గంట. మీ కోడలి కోసం."

చిన్న కొట్టు. గోడల పొడుగునా చెక్క పెట్టెలు, వాటి నిండా నిలువుగా పేర్చిన రికార్డులు. నల్లబల్ల మీద సుద్దముక్కతో ఈ వారం కొత్తవి అని రాసి, కింద అయిదు పేర్లు. అయిదవది చిల్లు గొడుగు. దాని ఎదుట చిన్న అక్షరాలతో, "అనుమతి రావలెను." గల్లాపెట్టె పక్కన వాళ్ల రికార్డులు ఒక దొంతరగా ఉన్నాయి గాని, వాటికి దారం కట్టి, ముడి వేసి ఉంది. జనం నిలబడటానికి చోటు లేదు. అందరూ నల్లచొక్కాలవారు, చెవులకు, ముక్కులకు, కనుబొమలకు సైతం రింగులు పెట్టుకున్నవారు. నా టై చూసి ఒకమ్మాయి మర్యాదగా కుర్చీ ఇచ్చింది. ఎనిమిది వారాలలో నాకు కుర్చీ ఇచ్చిన మొదటి మనిషి ఆ అమ్మాయి.

"దేనికి అనుమతి?" అని మా ఆవిడను అడిగాను.

"పాటలు రాసినాయన ఒప్పుకోవాలట. ఆయనెవరో తెలియకుండా, ఒప్పుకోకుండా ఒక్క రికార్డు కూడా బయటికి ఇవ్వనని మీ కోడలు మొండికేసింది. కొట్టు మూసేలోపు ఆయన రాకపోతే ఇక అంతే. వచ్చే వారం ఇంకొకళ్ల వంతు."

"మరి ఆయన ఎక్కడ?"

"వస్తాడని నేను మాటిచ్చాను," అంది మా ఆవిడ, ఎటో చూస్తూ.

కోడలు డ్రమ్ముల వెనక కూర్చుంది. ఇంట్లో ఆమె వాయించడమే విన్నాను గాని, పాడటం ఎన్నడూ వినలేదు. కర్రలు రెండూ టకటకా తాటించి, మైకులోకి ఒక్కసారి అరిచింది.

"సవినయముగా మనవి చేయునది."

నేను కుర్చీలో ముందుకు జరిగాను.

"మీ మంచము," అని అరిచింది కోడలు. "చేరుటలేదు," అన్నారు వెనక నుంచి మిగతా ఇద్దరూ. "మీ మంచము." "చేరుటలేదు." నిమిషం తిరిగేసరికి కొట్టు నిండా నల్లచొక్కాలన్నీ పిడికిళ్లెత్తి, మంచం చేరుటలేదని ఘోషిస్తున్నాయి.

నా వాక్యం. అక్షరం పొల్లుపోకుండా నా వాక్యం.

రెండవ పాట కిటికీ అద్దాలు. మూడవది, నాలుగవది, వరుసగా అన్నీ నావే. నేను చింపేసిన చిత్తుప్రతులు కూడా మధ్యమధ్య పల్లవులుగా వచ్చాయి. నేను మా ఆవిడ వైపు చూశాను. ఆమె తాళం వేస్తోంది.

నా పరిస్థితి మీరే ఆలోచించండి. లేచి నావి అంటే, సొంత కోడలి మీద ఎడమ చేత్తో ఆకాశరామన్న ఉత్తరాలు రాసిన మామగారినని అరవై మంది ముందు ఒప్పుకోవాలి. ఊరుకుంటే, నా వాక్యాలు తండ్రి పేరు లేకుండా ఊరు మీద పడతాయి. ఊరుకోవడానికే నిశ్చయించుకున్నాను. పెద్దరికం దక్కాలి.

పదవ పాట వచ్చింది. తుది హెచ్చరిక.

"ఒకటి," అంది కోడలు. ముగింపు కలదా. "రెండు," అంది. అది ఏ తారీకున. ఆ తర్వాత వాయిద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. నాలుగు తాళాల ఖాళీ. మళ్లీ, "ఇట్లు, శాంతికాముకుడైన ఒక పౌరుడు."

మొదటిసారి పళ్లు బిగించాను. కోడలు చేసిన పళ్లే. రెండోసారి అదే చుట్టు వచ్చింది. ఒకటి. రెండు. ఖాళీ. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. మూడోసారి, ఒకటి, రెండు, నాలుగు తాళాల నిశ్శబ్దం, అందులో ఎవరో గట్టిగా, "మూడు," అన్నారు.

అన్నది నేనే. లేచి నిలబడి ఉన్నాను కూడా.

ఎవరూ వాయించలేదు. అందరూ నావైపు తిరిగారు.

"సరిగ్గా తాళంలో పడ్డారు సార్," అన్నాడు పిచ్చుకగూడు, గౌరవంగా.

"ఏ మూడు, ఏవండీ?" అంది మా ఆవిడ.

"ఆ ఉత్తరంలో... మూడవ అంశం వదిలేశారు."

"ఆ ఉత్తరం విప్పింది నేను. చదివింది నేను. చదివి వినిపించింది రెండే. మూడోది ఉందని నాకు తప్ప ఈ లోకంలో ఇంకొక్కరికే తెలియాలి."

ముప్ఫై నాలుగేళ్లు ప్రజలు నా దగ్గర అబద్ధాలు చెప్పి దొరికిపోవడం చూశాను. అప్పుడు వాళ్ల ముఖం ఎలా ఉండేదో నాకు తెలుసు.

"ఎప్పటి నుంచి తెలుసు?" అన్నాను.

"మొదటి రోజు నుంచి. ఈ ఇంట్లో చెత్తబుట్ట ఎత్తిపోసేది ఎవరనుకున్నారు? అయిదు చిత్తుప్రతులు. నాలుగు ముక్కలుగా చింపి పారేశారు. జిగురుతో అతికించి అమ్మాయికి ఇచ్చాను."

"క్షమించండి మామయ్యగారూ," అంది కోడలు డ్రమ్ముల వెనక నుంచి. "మాటలు మాత్రం మా పళ్ల ల్యాబులో పాడుకున్నాం, మీ చెవిన పడకూడదని. మాకెవరికీ కోపం రావట్లేదు గదా. మీకైతే ఎంత బాగా వస్తుందో."

"మరి ధ్వనిపెట్టె? కుర్చీ? కళ్లజోడు పెట్టె?"

"పది పాటలు కావాలి కదండీ," అంది మా ఆవిడ. "రెండో ఉత్తరానికే మీ కోపం చల్లారబోయింది. ఎవరో ఒకరు రగిలించాలి. కళ్లజోడు పెట్టె నా ఆలోచనే. దానికి రెండు పాటలొచ్చాయి."

"అయితే మూడవ అంశం ఎందుకు వదిలావు?"

మా ఆవిడ చేతిసంచిలోంచి ఆ ఉత్తరం తీసి నా చేతికిచ్చింది. "అది అరిచే మాట కాదు. ఎవరికి ఆ బాధో వాళ్లే చెప్పుకోవాలి."

మందులావిడ మైకు నా ఎత్తుకు దించింది. చదివాను. మరో దారి లేదు.

"మూడు: ఆ ఇంటి మెట్ల మలుపులో, చెప్పుల అలమార ప్రక్కన, ఒక వృద్ధుడు పదకొండు సంవత్సరములుగా ఒక గ్రంథము వ్రాయుచున్నాడు. దానిని ఇంతవరకు ఎవరును చదువలేదు. మీరు ఒక్క సాయంకాలము ఊరకున్నచో, ఆయన దానిలోని ఒక పుటనైనను ఎవరికైనను చదివి వినిపింపగలడు."

మైకులో నా గొంతు నాకే వింతగా వినిపించింది. నాకు కుర్చీ ఇచ్చిన అమ్మాయి ముక్కు రింగు సవరించుకుంటున్నట్టు నటిస్తోంది.

"ఆ పుస్తకంలో ఏముందండీ?" అని అడిగింది రికార్డుల కొట్టావిడ, గల్లాపెట్టె దగ్గర నుంచి.

"ఫిర్యాదులు," అన్నాను. "రెండువేల మూడువందల పదిహేడు."

అంతే. కొట్టంతా ఒక్కసారిగా ఘోష. అరవై మంది నా వైపు పిడికిళ్లెత్తారు. కొట్టావిడ సుద్దముక్క తీసుకుని నల్లబల్ల దగ్గరకు వెళ్లింది. కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఒక కాగితం, కలం నా ముందు పెట్టింది.

"మీరు ఒప్పుకుంటేనే మామయ్యగారూ. వద్దంటే దారం విప్పం. నిజంగా."

ఆమె చేయి ఇంకా ఆ కాగితం మీదే ఉంది. పళ్ల వరసలో వెంట్రుకవాసి తేడా పట్టుకునే చేయి. మూడేళ్ల శుక్రవారాలు ఆ చేతిలో ఉన్నాయి. నేను చదవకుండానే సంతకం చేశాను. కుడిచేత్తో, పూర్తి పేరుతో, హోదాతో సహా.

దారం విప్పారు. జనం ఎగబడ్డారు. రికార్డు వెనక అట్ట మీద, "మాటలు:" అన్నచోట వదిలిన ఖాళీలో నా పేరు రాసి ఇవ్వమని వరుసలో నిలబడ్డారు. అరవై సార్లు రాశాను. ఒకాయన తన మోచేతి మీద రాయమన్నాడు. అది పత్రం కాదని నిరాకరించాను.

తిరిగి బస్సులో వస్తుండగా, పిచ్చుకగూడు ముందు కూర్చుని నడుపుతున్నాడు, కోడలు కిటికీకి తల ఆనించి నవ్వుకుంటోంది. నేను మా ఆవిడతో, కాస్త దర్పంగానే అన్నాను.

"సరే, అయిందేదో అయింది. రేపటి నుంచి నా గది నాకు."

"సంతకం చేసిన కాగితం చదవలేదా?"

"చదవాల్సిన అవసరమేముంది? అనుమతి పత్రం."

ఆమె తన ప్రతి తీసి ఇచ్చింది. ఒకటి: పాటలకు ఇందుమూలముగా అనుమతించడమైనది. రెండు: రచయిత పేరు అట్ట మీద వేయవలెను. మూడు: రచయిత గ్రంథములోని ఫిర్యాదులతో రెండవ ఆల్బమ్ పూర్తియగు వరకు, చదువు గది బృందము వారి స్వాధీనములోనే ఉండును, ప్రతి సాయంకాలము నాలుగు గంటలకు రచయిత అచ్చటకు వచ్చి, ఒక పుట చదివి వినిపించవలెను.

అక్షరాలు మా ఆవిడవి. భాష నాది. నా దగ్గర నలభై ఏళ్లు ఉండి నేర్చుకున్న భాష.

"మూడవ అంశం," అన్నాను.

"అదేమిటో మీ దృష్టి ఎప్పుడూ దాని మీదే కదా అనుకున్నాను," అంది ఆమె, చేతిసంచిలోంచి దూది తీసి నా దోసిట్లో పెడుతూ.

నేడు ఆ ఒప్పందం ప్రకారం నూట నాలుగవ పుట నడుస్తోంది. నేను చదువుతాను, కోడలు అక్కడక్కడ డ్రమ్ము తడుతుంది, నా కుర్చీలో మందులావిడ, నేను ముక్కాలి పీట మీద. తలుపు దగ్గర, కూరలు తరుగుతూ, ఒక్క పుట కూడా వదలకుండా వినే మనిషి ఒకరున్నారు. ఆ మనిషి పట్ల నా బాధ్యతను ఈ క్రింది విధంగా నిర్వర్తిస్తున్నాను.

నా శ్రీమతికి: తమరు నా విషయమున, నాకు తెలియకుండ, నా చెత్తబుట్ట నుండి గైకొన్న చర్య అందినది. అంశములు మూడింటిని పరిశీలించడమైనది. అభ్యంతరములు లేవు. దీనిని రికార్డు చేయడమైనది.